విశ్రాంత ఉద్యోగి పింఛను, బీమా సొమ్ము: అప్పుకు అవి ఎంతవరకు ఆధారం?

మన పల్లెలలో వ్యవసాయ కుటుంబమని చెప్పుకునే ఇళ్లలో కూడా ఒకరైనా ప్రభుత్వ కొలువులో ఉండటం సర్వసాధారణం. ఒక ఇంట పెద్దన్న బడిపంతులు, మరొక ఇంట చెల్లెలు ఆసుపత్రిలో నర్సు, ఇంకొక ఇంట మేనమామ రెవెన్యూ కార్యాలయంలో గుమాస్తా. వానలు పడినా పడకపోయినా నెల తిరిగేసరికి ఇంటికి చేరే రాబడి ఆ ఒక్కటే. కనుక పంట రుణానికి హామీ సంతకం కావలసి వచ్చినా, ట్రాక్టరు కొనుగోలుకు మరొకరి పూచీ అవసరమైనా, ఎరువుల దుకాణంలో అరువు ఖాతా తెరవవలసి వచ్చినా అందరి చూపూ ఆ ఉద్యోగి వైపే తిరుగుతుంది. పదవీ విరమణ దగ్గరపడే కొద్దీ ఆశలు మరింత పెరుగుతాయి. "పంతులుగారు వచ్చే జూన్‌లో రిటైరవుతున్నారు, పెద్ద మొత్తం చేతికి వస్తుంది, అప్పుడు మీ బాకీ సర్దుతాం" అన్న మాట బ్యాంకు శాఖలోనూ, దుకాణం అరుగుమీదా తరచు వినబడుతుంది.

ఆ మాట నమ్మి అప్పిచ్చినవారు, ఆ మాట చెప్పి అప్పు తెచ్చుకున్నవారు, ఆ మాటకు కట్టుబడి సంతకం చేసినవారు ముగ్గురూ తరువాత ఇబ్బంది పడుతున్నారు. దీనికి కారణం ఒకరి దురుద్దేశం కాదు. ఉద్యోగి జీతం, విరమణనాడు వచ్చే ఏకమొత్తం, నెలనెలా వచ్చే పింఛను, బీమా సొమ్ము ఈ నాలుగూ ఒకే చేతికి వచ్చినా చట్టం వాటిని ఒకే కన్నుతో చూడదు. ఏ సొమ్ముకు ఏ హద్దు ఉన్నదో తెలుసుకొనుట అప్పిచ్చువారికీ, పుచ్చుకొనువారికీ సమానంగా అవసరం.

ఎవరికి ఏ పింఛను

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో ప్రభుత్వోద్యోగులను పింఛను విషయంలో రెండు తరాలుగా చూడవలసి ఉంటుంది. 2004 సెప్టెంబరు 1వ తేదీకి ముందు కొలువులో చేరినవారికి 1980 నాటి సవరించిన పింఛను నియమావళి వర్తిస్తుంది. ఆ తేదీన గాని, తరువాత గాని చేరినవారు కాంట్రిబ్యూటరీ పింఛను పథకం, అనగా వాడుకలో సి.పి.ఎస్., కిందకు వస్తారు. 2014లో రాష్ట్రం విడిపోయిన తరువాత కూడా రెండుచోట్లా ఈ గీత ప్రధానంగా అలాగే నిలిచి ఉన్నది.

విరమణ వయసు మాత్రం ఒకటి కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 58 నుండి 60కి, 2022 జనవరి నుండి 62కి పెరిగింది. తెలంగాణలో 2021లో 58 నుండి 61కి పెరిగింది. ఇది ఉద్యోగులకు మాత్రమే సంబంధించిన విషయమని పాఠకులు అనుకోవచ్చు. కాని ఏడెనిమిది సంవత్సరాల వాయిదాలు గల ట్రాక్టరు రుణానికి 57 ఏళ్ల ఉద్యోగి హామీ పడితే, చివరి వాయిదాల నాటికి ఆయన జీతగాడుగా ఉండరు. ఈ సంగతి రుణపత్రం మీద సంతకాలయ్యే రోజుననే లెక్క చూసుకోవాలి.

పాత నియమావళి కిందనున్నవారి లెక్క ఒక ఉదాహరణతో చూద్దాం. ఒక ఉపాధ్యాయుడు 33 సంవత్సరాల సేవ పూర్తిచేసి, 60,000 రూపాయల మూలవేతనంపై, 20,000 రూపాయల కరువు భత్యంతో విరమణ చేశారనుకుందాం. ఆయనకు మూలవేతనంలో సగం, అంటే నెలకు 30,000 రూపాయలు పింఛను. దానిపై ఎప్పటికప్పుడు ప్రకటించే కరువు భృతి అదనం. పింఛనుకు కనీసం 10 సంవత్సరాల సేవ ఉండాలి. 33 ఏళ్లకు తగ్గిన సేవకు పింఛను ఆ నిష్పత్తిలో తగ్గుతుంది. నియమాల ప్రకారం సేవకు కలిపి లెక్కించే కాలం కూడా కొంత ఉంటుంది గనుక, మంజూరు ఉత్తర్వు చేతికి వచ్చినదాకా ఎవరూ నోటిలెక్కలు వేయరాదు. 70 ఏళ్లు దాటిన తరువాత వయసును బట్టి అదనపు పింఛను కూడా ఉన్నది.

ఇక గ్రాట్యుటీ. ప్రతి ఆరు నెలల సేవకు, మూలవేతనం, కరువు భత్యం కలిపిన మొత్తంలో నాలుగవ వంతు చొప్పున దీనిని లెక్కిస్తారు. గరిష్ఠంగా పదహారున్నర నెలల మొత్తం. మన ఉదాహరణలో 80,000 రూపాయలను పదహారున్నరతో గుణిస్తే 13,20,000 రూపాయలు. రెండు రాష్ట్రాలలోనూ గత వేతన సవరణతో గ్రాట్యుటీ పరిమితి 16 లక్షలకు పెరిగింది గనుక ఈ మొత్తం పరిమితిలోనే ఉన్నది. వాడుకోని సంపాదిత సెలవు నిండుగా 300 రోజులు నిల్వ ఉంటే పది నెలల జీతం, అనగా ఇక్కడ 8 లక్షలు. దీనికి తోడు జి.పి.ఎఫ్. నిల్వ, జిల్లా పరిషత్ ఉపాధ్యాయులైతే జడ్పీ ప్రావిడెంట్ ఫండు నిల్వ.

కాగితం మీద ఇది చూడముచ్చటగా ఉంటుంది. అయితే ఈ సొమ్ములన్నీ ఒకే రోజున, ఒకే చెక్కుతో రావు. పింఛను పత్రాలు అకౌంటెంట్ జనరల్ కార్యాలయం వంటి పరిశీలనాధికారుల వద్దకు వెళ్లాలి, గృహనిర్మాణ అడ్వాన్సు వంటి ప్రభుత్వ బకాయిలుంటే గ్రాట్యుటీ నుండి మినహాయించాలి, బిల్లు ట్రెజరీలో పాసు కావాలి. ఇటీవలి సంవత్సరాలలో రెండు రాష్ట్రాలలోనూ విశ్రాంత ఉద్యోగులు ఏకమొత్తాల కోసం నెలల తరబడి ఎదురుచూచిన సందర్భాలు పత్రికలలో వచ్చాయి. విరమణ తేదీనే బాకీ తీర్చే తేదీగా నోటుమీద రాసి ఇవ్వటం గాని, రాయించుకోవటం గాని తెలివైన పని కాదు.

సి.పి.ఎస్. కిందనున్నవారి లెక్క మరొక రకం. ఉద్యోగి మూలవేతనం, కరువు భత్యాలలో 10 శాతం, దానికి సమానంగా ప్రభుత్వ వాటా జమ చేసే ఏర్పాటుతో ఈ పథకం మొదలైంది. ఆ నిధిని మార్కెట్టులో మదుపు చేస్తారు. విరమణ సమయంలో గరిష్ఠంగా 60 శాతం నగదుగా తీసుకొని, కనీసం 40 శాతంతో యాన్యుటీ, అంటే నెలసరి చెల్లింపు పాలసీ, కొనవలసి ఉంటుంది. ఆ నెలసరి మొత్తం చివరి జీతంలో ఇంత అని ముందుగా చెప్పగలిగేది కాదు. దానిపై కరువు భృతి కూడా పెరగదు. ఈ అనిశ్చితి కారణంగానే రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్, పంజాబ్ ప్రభుత్వాలు 2022లోనూ, హిమాచల్ ప్రదేశ్ 2023లోనూ పాత పింఛనుకు తిరిగి వెళ్లాలని నిర్ణయించాయి. కేంద్ర ప్రభుత్వం తన ఉద్యోగుల కోసం 2025 ఏప్రిల్ 1 నుండి ఏకీకృత పింఛను పథకాన్ని ప్రవేశపెట్టింది. మన వ్యవహారానికి ఇందులో గ్రహించవలసినది ఒక్కటే. "పింఛను ఉన్న ఉద్యోగి" అన్న మాట 2004 తరువాత ఒకే అర్థమిచ్చే మాట కాదు. ఎదుటివారు ఏ పథకం కిందనున్నారో వారి నెలసరి జీతపు చీటీలోని కోతలు చూస్తేనే తెలిసిపోతుంది.

రెండు బీమాలు, రెండు తీరులు

రాష్ట్ర ప్రభుత్వోద్యోగికి జీతంలో రెండు బీమా కోతలు ఉంటాయి. రెంటినీ ఒకటిగా భావించేవారు ఉద్యోగులలోనే చాలామంది ఉన్నారు.

మొదటిది ప్రభుత్వ జీవిత బీమా. దీని మూలం 1907లో నిజాం ప్రభుత్వ కాలానికి చెందినది. ఆంధ్రప్రదేశ్‌లో ఎ.పి.జి.ఎల్.ఐ. అన్న పేరుతోనూ, తెలంగాణలో ఆ రాష్ట్రం పేరుతోనూ నడుస్తున్నది. ఇది నిర్బంధ బీమా. మూలవేతనం స్థాయిని బట్టి కనీస ప్రీమియం ఉంటుంది. పాలసీ గడువు తీరితే బోనసుతో సహా ఉద్యోగికి, మధ్యలో మరణిస్తే నామినీకి సొమ్ము చెల్లిస్తారు. పాలసీ స్వాధీన విలువపై రుణం కూడా తీసుకోవచ్చు. ఇంట్లో అవసరం పడినప్పుడు బయట అప్పు వెదికే ముందు దీనిని గుర్తు చేసుకోవాలి.

ఇక్కడ ఒక మెలిక ఉన్నది. జీతంలో ప్రీమియం కోత పడుతున్నంత మాత్రాన బీమా రక్షణ ఏర్పడదు. ఉద్యోగి ప్రతిపాదన పత్రం నింపి, తన కార్యాలయాధికారి ద్వారా పంపి, పాలసీ బాండు పొందాలి. జీతం పెరిగి ప్రీమియం పెంచినప్పుడు ఆ పెంచిన భాగానికి మళ్లీ ప్రతిపాదన పంపాలి. ప్రతిపాదన లేని కోతకు ప్రమాదం జరిగిన నాడు బీమా మొత్తం రాదు, కట్టిన సొమ్ము మాత్రమే తిరిగి వస్తుంది. ఈ వ్యాసం చదువుతున్న ఇంట్లో ఉద్యోగి ఉంటే బాండ్లు తీసి, వాటిమీదనున్న ప్రీమియంల మొత్తాన్ని జీతపు చీటీలోని కోతతో సరిపోల్చి చూడవలసిందిగా కోరుతున్నాము. తేడా ఉంటే, ఆ తేడా మేరకు రక్షణ లేనట్లే.

రెండవది సామూహిక బీమా పథకం. 1984 నవంబరులో ప్రారంభమైంది. ఇది యూనిట్ల పద్ధతిలో ఉంటుంది. 1994 నాటి సవరణ ప్రకారం నెలకు 15 రూపాయల చందా గల ఒక యూనిట్‌కు 15,000 రూపాయల బీమా. నాలుగవ తరగతి ఉద్యోగికి ఒక యూనిట్, ఉన్నత శ్రేణి అధికారికి 8 యూనిట్లు. అంటే 8 యూనిట్లవారికి 1,20,000 రూపాయలు. చందాలో ఒక భాగం బీమా నిధికి, మిగిలిన పెద్ద భాగం పొదుపు నిధికి వెళ్తుంది. విరమణ చేసినవారికి పొదుపు భాగం వడ్డీతో వస్తుంది. సేవలో ఉండగా మరణిస్తే బీమా మొత్తం, పొదుపు రెండూ కుటుంబానికి చేరుతాయి. నేటి ధరల ముందు ఈ మొత్తాలు చిన్నవి. ఉద్యోగి పోయినా ఇన్సూరెన్సు సొమ్ముతో అప్పంతా తీరిపోతుందని భరోసా పెట్టుకున్నవారు ఈ అంకెలను ఒకసారి చూడాలి.

చట్టం ఎక్కడ గీత గీసింది

డీలర్లు, హామీ పుచ్చుకునేవారు జాగ్రత్తగా చదవవలసిన భాగమిది.

హామీదారు బాధ్యత తేలికైనది కాదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం లేకుంటే హామీదారు బాధ్యత అసలు రుణగ్రహీత బాధ్యతతో సమానం. "నేను ఊరికే సాక్షి సంతకం వంటిది చేశాను" అన్న మాట కోర్టులో నిలవదు. అప్పు ఎగవేత జరిగితే ఋణదాత హామీదారు మీద కూడా దావా వేసి డిక్రీ పొందవచ్చు.

డిక్రీ వచ్చిన తరువాత ఏది జప్తు చేయవచ్చు, ఏది చేయకూడదు అన్నది సివిల్ ప్రొసీజరు కోడు 60వ సెక్షను నిర్ణయిస్తుంది. రైతులకు ఈ సెక్షను కొత్త కాదు. సేద్యగాని జీవనోపాధికి అవసరమని కోర్టు భావించిన పనిముట్లను, పశువులను, విత్తనపు గింజలను జప్తు నుండి కాపాడేది కూడా ఇదే సెక్షను. రుణానికే తాకట్టుపెట్టిన ట్రాక్టరుకు మాత్రం ఈ రక్షణ వర్తించదు.

కొలువులో ఉన్న ఉద్యోగి జీతంలో మొదటి 1,000 రూపాయలు, మిగిలినదానిలో మూడింట రెండు వంతులు జప్తుకు అందవు. మిగతా మూడవ వంతును జప్తు చేయవచ్చు. జప్తుకు లెక్కించదగిన జీతం 61,000 అనుకుంటే, 1,000 తీసివేయగా మిగిలిన 60,000లో 40,000కు రక్షణ ఉండి, 20,000 వరకు నెలనెలా జప్తు కావచ్చు. ఒకే డిక్రీ కింద ఇలా మొత్తం 24 నెలలకు మించి జప్తు సాగదు. జీతగాడి హామీకి ఋణదాతలు విలువ ఇవ్వటానికి కారణం ఈ మూడవ వంతే.

అదే ఉద్యోగి విరమణ చేసిన మరునాడు ఆ పరిస్థితి మారిపోతుంది. ప్రభుత్వ పింఛను, గ్రాట్యుటీలు 60వ సెక్షనులోని జి క్లాజు కింద జప్తుకు పూర్తిగా అతీతం. 1871 నాటి పింఛన్ల చట్టం 11వ సెక్షను కూడా ఇదే చెప్పింది. ప్రావిడెంట్ ఫండు నిల్వకు 1925 నాటి ప్రావిడెంట్ ఫండ్ల చట్టం, జీవిత బీమా పాలసీ సొమ్ముకు 60వ సెక్షనులోనే మరొక క్లాజు రక్షణ ఇచ్చాయి. ఇది దయాధర్మం కాదు. పింఛను ప్రభుత్వం విసిరే భిక్ష కాదని, గతంలో చేసిన సేవకు లభించే హక్కు అని 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం నకారా కేసులో తీర్పు చెప్పింది. ఆ రోజునే పింఛనుదారులు ఏటా తమ దినంగా జరుపుకుంటారు.

సొమ్ము బ్యాంకు ఖాతాలోకి వచ్చిన తరువాత ఆ రక్షణ పోతుందా అన్న ప్రశ్న చాలాకాలం ఋణదాతల మనసులో ఉండేది. రుణానికి హామీదారుగా సంతకం చేసిన ఒక విశ్రాంత ఉద్యోగి విషయంలో 2008 నవంబరులో సుప్రీంకోర్టు దీనికి సమాధానం చెప్పింది. పింఛను, గ్రాట్యుటీ సొమ్మును ఫిక్సెడ్ డిపాజిట్లుగా వేసుకున్నా వాటి స్వభావం మారదని, జప్తు నుండి రక్షణ కొనసాగుతుందని ఆ తీర్పు సారాంశం. ఆ కేసులో రుణమిచ్చిన సంస్థ ఒక జాతీయ బ్యాంకే కనుక, బ్యాంకు పత్రికగా మేము దీనిని దాచిపెట్టి రాయదలచలేదు.

అంతమాత్రాన విశ్రాంత ఉద్యోగి ఎన్ని హామీలకైనా నిశ్చింతగా సంతకం పెట్టవచ్చునని అర్థం చేసుకోరాదు. రక్షణ ఆ సొమ్ములకే. ఆయన పేరనున్న పొలం, స్థలం, ఇతర పొదుపు డిక్రీకి లోబడే ఉంటాయి. ఆయన తన డిపాజిట్ రసీదును స్వయంగా తాకట్టు పెట్టి అప్పు తీసుకుంటే అది జప్తు కాదు, ఆయన చేసుకున్న ఒప్పందం. అక్కడ ఈ రక్షణ ఆదుకోదు. ముప్ఫై ఏళ్ల జీతంతో కొన్న నాలుగెకరాలు తమ్ముడి బోరుబావి అప్పుకు వేలానికి వచ్చినప్పుడు, పింఛను మిగిలింది కదా అన్న ఓదార్పు ఎవరికీ సరిపోదు.

ఇక డీలర్ల సంగతి. కొన్ని గ్రామాలలో పింఛనుదారుని ఎ.టి.ఎం. కార్డును, పింఛను పుస్తకాన్ని దుకాణంలో కుదువ పెట్టించుకొని అరువు ఇచ్చే ఆచారం ఉన్నది. ఈ ఏర్పాటుకు చట్టంలో చోటు లేదు. 1871 చట్టం 12వ సెక్షను ప్రకారం, ఇంకా చెల్లింపుకు రాని పింఛనును ముందుగా బదలాయిస్తూ గాని, అమ్ముతూ గాని, హామీగా పెడుతూ గాని చేసిన ఏ ఒప్పందమైనా చెల్లదు. అంటే ఆ కాగితం కోర్టుకు తీసుకువెళితే డీలరు చేతిలో ఏమీ ఉండదు. పైగా మరొకరి కార్డుతో నగదు తీసిన వ్యక్తిగా ఆయనే సంజాయిషీ చెప్పుకోవలసి రావచ్చు. అరువు ఇవ్వదలచిన డీలరు కొనుగోలుదారుని పంట, సాగు విస్తీర్ణం, గత చెల్లింపుల తీరు చూసి ఇవ్వాలి. ఆ ఇంట్లో పింఛను రావటం వారి నెలసరి ఖర్చు గడుస్తుందని తెలుపుతుందే గాని, దుకాణం బాకీ తీరుతుందని తెలుపదు.

పింఛనుదారునికే అప్పు అవసరమైతే అందుకు సక్రమమైన మార్గం ఉన్నది. పింఛను ఖాతా నిర్వహించే బ్యాంకులు పింఛనుదారులకు ప్రత్యేక రుణాలు ఇస్తున్నాయి. ఖాతాలో జమ అయిన పింఛను నుండి వాయిదా మినహాయించుకొనుటకు ఆయన స్వయంగా సమ్మతి రాసి ఇస్తారు. సాధారణంగా కుటుంబ పింఛనుకు అర్హురాలైన భార్యను గాని, అర్హుడైన భర్తను గాని హామీగా కోరుతారు. వయఃపరిమితి, వాయిదాల సంఖ్య ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్క రీతిగా ఉంటుంది.

కమ్యుటేషన్ సొమ్ముతో బాకీ తీర్చవచ్చునా?

పాత నియమావళి కిందనున్నవారు తమ పింఛనులో 40 శాతం వరకు కమ్యుటేషన్ చేయించుకోవచ్చు. అంటే ఆ భాగాన్ని నెలనెలా తీసుకోవటానికి బదులు, వయసును బట్టి పట్టికలో ఉన్న గుణకం ప్రకారం లెక్కగట్టి ఒకేసారి తీసుకొనుట. 15 సంవత్సరాల తరువాత పూర్తి పింఛనును పునరుద్ధరిస్తారు. మన ఉదాహరణలో 30,000లో 40 శాతం 12,000. నెలకు చేతికి వచ్చే పింఛను 18,000కు తగ్గుతుంది. కరువు భృతిని మాత్రం తగ్గించని 30,000 మీదనే లెక్కిస్తారు. 15 సంవత్సరాలలో, అనగా 180 నెలలలో వదులుకునే మొత్తం 21,60,000 రూపాయలు. ముందు చేతికి వచ్చే సొమ్ము దీనికన్నా బాగా తక్కువగా ఉంటుంది, ఎందుకంటే అది ముందుగా వచ్చినది.

ఈ సొమ్ముతో కుటుంబపు పంట బాకీలు తీర్చవచ్చునా అని అడిగేవారికి మా సమాధానం ఏ బాకీ అన్న దానిపై ఆధారపడి ఉంటుంది. నూటికి రెండు రూపాయల వడ్డీకి, అంటే ఏడాదికి 24 శాతానికి, బయట తెచ్చిన 5 లక్షలకు నెలకు 10,000 రూపాయలు వడ్డీయే. అసలు ఒక్క రూపాయి తగ్గదు. అటువంటి అప్పు తీర్చటానికి కమ్యుటేషన్ సొమ్ము వాడుట న్యాయమే. కాని కిసాన్ క్రెడిట్ కార్డు పంట రుణం సంగతి అలా కాదు. 3 లక్షల వరకు గల స్వల్పకాలిక పంట రుణానికి వడ్డీ 7 శాతం. గడువులోగా చెల్లించినవారికి 3 శాతం ప్రోత్సాహకం పోగా నికరంగా 4 శాతమే. లక్షా 60 వేల పంట రుణానికి సంవత్సరానికి అది 6,400 రూపాయలు. ఈ చౌక రుణాన్ని తీర్చటానికి పింఛనును కోసుకొనుట, తరువాత ఖర్చులకు డబ్బు లేక రెండు రూపాయల వడ్డీకి పోవుట మేము శాఖలలో చూస్తూనే ఉన్నాము. పంట రుణాన్ని ఏటా గడువులోగా చెల్లించి నూతనపరచుకోవాలి.

మరొక సంగతి. రిజర్వు బ్యాంకు ఆదేశాల మేరకు 2025 జనవరి 1 నుండి 2 లక్షల రూపాయల వరకు వ్యవసాయ రుణాలకు ఆస్తి తాకట్టు అడగనవసరం లేదు. అంతకులోపు రుణానికి కూడా ఇంట్లోని ఉద్యోగి పొలం కాగితాలు తెచ్చిపెట్టమని బలవంతం చేయవలసిన పని లేదు.

హామీ పడిన ఉద్యోగికి ఎక్కువ ముప్పు వచ్చేది రుణగ్రహీత ఆకస్మికంగా మరణించినప్పుడు. సేద్యం చేసే తమ్ముడికి ఉద్యోగి అన్నకు ఉన్నట్లు నిర్బంధ బీమా ఉండదు. ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమాకు ఏడాదికి 436 రూపాయలు, సురక్షా బీమాకు 20 రూపాయలు. మొదటిది ఏ కారణంగా మరణించినా, రెండవది ప్రమాద మరణానికి, 2 లక్షల చొప్పున చెల్లిస్తుంది. మొదటిదానిలో చేరుటకు వయసు 18 నుండి 50 వరకు, రెండవదానికి 18 నుండి 70 వరకు. అన్నగారు హామీ సంతకం చేసే ముందు తమ్ముడి చేత ఈ రెండు దరఖాస్తుల మీద సంతకం చేయించమని అడిగితే ఎవరూ తప్పుపట్టరు.

మరణానంతరం

పింఛనుదారు మరణిస్తే కుటుంబ పింఛను భార్యకు లేదా భర్తకు వస్తుంది. మొదట గరిష్ఠంగా ఏడేళ్ల వరకు, నియమాలలోని వయఃపరిమితికి లోబడి, ఎక్కువ రేటున, ఆ తరువాత చివరి మూలవేతనంలో 30 శాతం చొప్పున. మన ఉదాహరణలో ఆ 30 శాతం 18,000 రూపాయలు. ఆయన కమ్యుటేషన్ చేయించుకున్నా కుటుంబ పింఛనులో ఆ కోత ఉండదు. ఆయన బాకీలకు వారసులు ఆయన నుండి సంక్రమించిన ఆస్తి మేరకే బాధ్యులు. కుటుంబ పింఛను ఆమె స్వంత హక్కు; అది ఆయన విడిచిపోయిన ఆస్తి కాదు. దినకర్మ కాకముందే పద్దుల పుస్తకంతో గుమ్మం ఎక్కి పింఛనులో సగం రాసి ఇమ్మని కోరేవారికి ఆ కోరికను సమర్థించే చట్టం ఏదీ లేదు.

ఆమెకు చిక్కులు వచ్చేది సాధారణంగా కాగితాల దగ్గరే. గ్రాట్యుటీకి, ప్రావిడెంట్ ఫండుకు, ప్రభుత్వ జీవిత బీమాకు, సామూహిక బీమాకు నామినేషన్లు వేరువేరుగా ఉంటాయి. ఒకచోట రాసినది మరొకచోట చెల్లదు. పెళ్లికి ముందు తల్లి పేరు రాసి, ముప్ఫై ఏళ్లుగా మార్చనివారు ఎందరో ఉన్నారు. భార్య పేరు సర్వీసు రిజిస్టరులో ఒక విధంగా, ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరుతో మరొక విధంగా ఉండి, పుట్టిన తేదీలు సరిపడక దరఖాస్తులు తిరిగి వస్తున్నాయి. ఉద్యోగి కొలువులో ఉండగా ఇవి దిద్దుట ఒక అర్జీతో అయ్యే పని. ఆయన పోయిన తరువాత అదే పనికి ఆమె మండల కార్యాలయం నుండి జిల్లా కేంద్రం వరకు తిరగవలసి వస్తుంది.

పింఛను చెల్లింపు ఉత్తర్వు, పింఛను పుస్తకం ఇంట్లోనే ఉండాలి. వాటి నకలు ఒకటి భార్య వద్ద లేదా భర్త వద్ద విడిగా ఉంచుకోవాలి. ప్రతి సంవత్సరం నిర్ణీత నెలలలో జీవన ధ్రువపత్రం సమర్పించాలి. 2014 నవంబరులో మొదలైన జీవన్ ప్రమాణ్ విధానం వలన ఆధార్ ఆధారంగా దీనిని దగ్గరలోని సేవా కేంద్రంలోనే పూర్తి చేయవచ్చు. పుస్తకం గాని, కార్డు గాని ఇప్పటికే ఏ దుకాణంలోనైనా కుదువలో ఉన్నట్లయితే వెంటనే తిరిగి తీసుకోవాలి. ఇవ్వకపోతే కార్డును బ్యాంకు శాఖలో నిలుపుదల చేయించి కొత్తది పొందవచ్చు. పుస్తకం విషయం ట్రెజరీ అధికారికి లిఖితపూర్వకంగా తెలిపి, అర్జీ అందినట్లు రసీదు తీసుకోవాలి.